గాలిలో వచ్చే టీవీకి తాళం ఎప్పుడు పడింది?

అమెరికాలో స్టేషన్లు పాత డిజిటల్ ప్రసారాన్ని (ఏటీఎస్‌సీ 1.0) ఆపేసి, కొత్త ప్రమాణమైన ఏటీఎస్‌సీ 3.0లోనే ప్రసారం చేసుకోవడానికి వీలు కల్పించే ప్రతిపాదనను అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2025 అక్టోబర్ 28న ముందుకు తెచ్చింది. దాంతో పాత తగవు మళ్లీ రాజుకుంది. కేబుల్ మానేసి యాంటెన్నా, సిగ్నల్‌ను పట్టే ట్యూనర్ పెట్టుకుని ఇంట్లో రికార్డు చేసుకునేవాళ్లకు ప్రతిపాదనలోని మిగతా సంగతులు పెద్దగా పట్టవు. సిగ్నల్‌కు తాళం వేసే హక్కు స్టేషన్‌కు ఉందా లేదా అన్నదే వాళ్ల ప్రశ్న.

అనలాగ్ పోయి డిజిటల్ వచ్చిన కథ, 2009 జూన్ 12 నాటి ముగింపు అందరికీ తెలిసినవే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే అంతకన్నా నాలుగేళ్లు వెనక్కి, 2005 మే 6కి వెళ్లాలి.

అంతకుముందు, 2003 నవంబర్‌లో, ఎఫ్‌సీసీ 'బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్' అనే నిబంధన తెచ్చింది. ప్రసారంలో ఒక చిన్న గుర్తు ఉంటుంది. అది కనిపిస్తే రిసీవర్ ఆ కార్యక్రమాన్ని ఇష్టమొచ్చినట్టు కాపీ చేయనివ్వకూడదు. 2005 జూలై 1 నుంచి తయారయ్యే టీవీలు, ట్యూనర్ కార్డులు అన్నీ దీన్ని పాటించాలి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: సిగ్నల్ మాత్రం బాహాటంగానే ఉంటుంది. కట్టడి అంతా పెట్టె మీదే.

అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్, మరికొన్ని వినియోగదారుల సంస్థలు కోర్టుకెక్కాయి. వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు 2005 మే 6న నిబంధనను కొట్టేసింది. జడ్జి హ్యారీ ఎడ్వర్డ్స్ రాసిన తీర్పు సారం ఇది: ఎఫ్‌సీసీ అధికారం ప్రసారం వరకే. సిగ్నల్ ఇంటికి చేరాక పెట్టె దాన్ని ఏం చేసుకుంటుందో శాసించే అధికారం అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆ సంస్థకు ఇవ్వలేదు. ఆ నిబంధన 2011 దాకా పుస్తకంలో ఊరికే పడి ఉండి, ఆ ఏడాది ఆగస్టులో తుడిచిపెట్టుకుపోయింది.

సొంతంగా రికార్డర్ అమర్చుకునేవాళ్లకు ఆ తీర్పు వరమైంది. ఏ కంపెనీ ట్యూనరైనా, ఏ సాఫ్ట్‌వేరైనా, ఏ డిస్కైనా కలిపి వాడుకోగలిగారు. ప్రసారసంస్థలు మాత్రం వేరే పాఠం నేర్చుకున్నాయి. పెట్టెను ప్రభుత్వం చేత కట్టడి చేయించలేకపోతే సిగ్నల్‌నే గుప్తీకరించి, తాళంచెవిని ఒప్పందం మీద సంతకం పెట్టినవాడికే ఇస్తే సరిపోతుంది. పాత ఏటీఎస్‌సీ 1.0లో అది ఆచరణలో కుదరలేదు. అప్పటికే కోట్ల టీవీలు ఇళ్లలో ఉన్నాయి. పునాది నుంచి ఇంటర్నెట్ పద్ధతిలో కట్టిన 3.0తో ఆ అడ్డు తొలగింది. స్ట్రీమింగ్ యాప్‌లు వాడే తాళాలే దీనికీ సరిపోయాయి.

2017 నవంబర్‌లో ఎఫ్‌సీసీ 3.0ను స్టేషన్ల ఇష్టానికి వదిలి అనుమతించినప్పుడు ఒక షరతు పెట్టింది. అదే కార్యక్రమాన్ని 1.0లోనూ సమాంతరంగా ఇవ్వాలి. ఉచితంగా ఇవ్వాలన్నది కూడా ఉంది. గుప్తీకరించకూడదని మాత్రం ఎక్కడా లేదు. ఆ ఖాళీలోకి ఏ3ఎస్ఏ అనే ప్రైవేటు సంస్థ వచ్చింది. నాలుగు పెద్ద నెట్‌వర్క్‌లు, స్పానిష్ నెట్‌వర్క్ యూనివిజన్, స్టేషన్ యజమానుల కూటమి పెర్ల్ టీవీ కలిసి పెట్టుకున్నది ఇది. తాళం గూగుల్ వారి వైడ్‌వైన్, తాళంచెవుల పంపకం ఏ3ఎస్ఏది. ప్రభుత్వానికి లేదని కోర్టు తేల్చిన అధికారాన్ని ఒక లైసెన్సు కాగితం తెచ్చిపెట్టింది.

2023లో ఊరూరా స్టేషన్లు తాళం తిప్పడం మొదలుపెట్టాయి. అప్పటిదాకా సిలికాన్‌డస్ట్ కంపెనీ వారి హెచ్‌డీ హోమ్‌రన్ ఫ్లెక్స్ 4కే అనే, ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే ట్యూనర్ కొన్నవాళ్లకు 3.0 చానళ్లు బాగానే వచ్చేవి. ఒక ఉదయం అవే చానళ్లు జాబితాలో డీఆర్ఎం (కాపీల కట్టడి) ముద్రతో కనిపించాయి. సిగ్నల్ నూటికి నూరు ఉంటుంది, బొమ్మ రాదు. మన డీటీహెచ్ బాక్సుకు పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డు చేసినవాళ్లకు ఈ బాధ తెలుసు: ఫైలు ఆ బాక్సులో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. తేడా ఏమిటంటే అక్కడ చందా కడతాం. ఇక్కడ ప్రసారం ఉచితం, వాడేది ప్రజల వాయుతరంగాలు.

ఇప్పుడు ఇంట్లో అమరిక ఎలా ఉంటుందో చూస్తే తగవు ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. ఫ్లెక్స్ 4కేలో ట్యూనర్లు నాలుగు. వాటిలో రెండే 3.0 పట్టగలవు, మిగతా రెండూ 1.0కే. 3.0 చానళ్ల నంబరుకు వంద కలిపి చూపిస్తుంది: 4.1 పాతది, 104.1 కొత్తది. యాంటెన్నా నుంచి ఆర్‌జీ6 కేబుల్ వంద అడుగులు లాగితే ఎక్కువ ఫ్రీక్వెన్సీల యూహెచ్ఎఫ్‌లోని పై చానళ్లలో 5–6 డెసిబెల్స్ పోతాయి, రెండు దారుల స్ప్లిటర్ ఇంకో 3.5 తింటుంది. ఇప్పుడు టీవీ చానళ్లు 36తో, అంటే 608 మెగాహెర్ట్జ్‌తో ఆగిపోతాయి. 617 నుంచి సెల్‌ఫోన్ల రాజ్యం. సెల్ టవర్ పక్కనే ఉంటే సెల్ సిగ్నల్‌ను ఆపే ఎల్‌టీఈ ఫిల్టర్‌ను యాంప్లిఫయర్‌కు ముందే బిగించాలి. తరవాత బిగిస్తే యాంప్లిఫయర్ అప్పటికే ఆ రొదను పెంచి పంపేసి ఉంటుంది. స్టేషన్ టవర్ దగ్గర్లోనే ఉన్న ఇంట్లో అసలు యాంప్లిఫయరే వద్దు. స్ట్రెంగ్త్ వందకు చేరి క్వాలిటీ పడిపోతుంటే అతి బలం వల్ల వచ్చిన చేటే. ట్యూనర్ చూపించే అంకెల్లో చూడాల్సింది సింబల్ క్వాలిటీ. అది వందకు తగ్గిన క్షణమల్లా రికార్డింగ్‌లో ఒక గంటు పడుతుంది.

1.0 చానళ్లన్నీ చక్కగా వచ్చి 3.0 మాత్రం రాకపోతే యాంటెన్నాను తిట్టుకోనక్కర్లేదు. చాలా ఊళ్లలో నాలుగైదు స్టేషన్ల 3.0 ప్రసారాన్ని ఒకే 'లైట్‌హౌస్' స్టేషన్ మోస్తుంది. దాని టవర్ వేరే దిక్కున ఉండొచ్చు, తక్కువ ఫ్రీక్వెన్సీల వీహెచ్ఎఫ్‌లో ఉండొచ్చు. ముందు అది ఏ చానల్లో ఉందో కనుక్కుని యాంటెన్నాను అటు తిప్పాలి, ఆపైన మళ్లీ స్కాన్ చేయాలి.

ట్యూనర్‌ను రూటర్‌కు తీగతోనే కలపాలి. నాలుగు 1.0 ప్రసారాలు నిండుగా వస్తే ఒక్కోటి 19.39 చొప్పున సెకనుకు దాదాపు 78 మెగాబిట్లు. వైఫై దీన్ని గంటల తరబడి నిలకడగా మోయదు. డిస్కు లెక్క సులువు: మెగాబిట్లను 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని గిగాబైట్లో వస్తుంది. 15 మెగాబిట్ల పాత హెచ్‌డీ గంటకు 6.75 గిగాబైట్లు, రెండు టెరాబైట్ల డిస్కులో మూడు వందల గంటలకు కాస్త తక్కువ. 3.0లో బొమ్మను ఇంకా బాగా కుదించే హెచ్ఈవీసీ పద్ధతి వాడతారు కాబట్టి 6 మెగాబిట్లకే పని జరుగుతుంది, గంటకు 2.7 చాలు. ధ్వని దగ్గర ఇంకో మెలిక ఉంది. 3.0లో అది డాల్బీ ఏసీ-4, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్ అసలు కూర్పులో దానికి డీకోడర్ లేదు. ఆ కూర్పు మీదే ఆధారపడ్డ సాఫ్ట్‌వేర్‌లో, తాళం లేని చానల్ కూడా మూగబొమ్మే.

అందుకే అనుభవమున్నవాళ్లు డీఆర్ఎం చానళ్లను జాబితాలోనే నిలిపేసి, రికార్డింగ్ షెడ్యూలును 4.1 మీదే పెడతారు. ఇవాళ్టికి నష్టమేమీ లేదు. చాలావరకు రెండు చోట్లా వచ్చేది ఒకే కార్యక్రమం, 3.0లో నిజమైన 4కే అరుదు. కానీ సమాంతర ప్రసారం ఆగిపోయిన రోజు 4.1 ఉండదు, 104.1 తెరుచుకోదు.

ప్రసారసంస్థల వాదన వేరు. స్ట్రీమింగ్‌కు ఉన్న రక్షణ తమకూ లేకపోతే ఆటల హక్కులు, మంచి సీరియళ్లు తమ చేయి జారిపోతాయంటాయి. దొంగ కాపీలను, నకిలీ ప్రసారాలను ఆపడానికే ఇదంతా అంటాయి. ఇందులో నకిలీ ప్రసారాల మాట నిలవదు. ప్రసారం అసలుదేనని రుజువు చేసేది డిజిటల్ సంతకం. ప్రమాణంలో అది గుప్తీకరణకు వేరుగానే ఉంది, తాళం లేకుండా సంతకం ఒక్కటే వాడుకోవచ్చు.

ధ్రువీకరణ పొందిన బాక్సులు ఉన్నాయి కదా అని అడగొచ్చు. ఉన్నాయి. మొదట్లో వాటిలో కొన్ని ఇంటర్నెట్ లేకపోతే తాళం వేసిన చానల్ చూపించలేదు, తరవాత అప్‌డేట్లతో సర్దారు. తుఫానొచ్చి ఇంటర్నెట్ పోయినప్పుడే కదా యాంటెన్నా అక్కరకొచ్చేది. వాటిలో చేసిన రికార్డింగ్ ఆ కంపెనీ వలయం దాటి రాదు. ఏళ్లుగా నెట్‌వర్క్ ట్యూనర్లు అమ్ముతున్న సిలికాన్‌డస్ట్‌కు మాత్రం, ప్రతిపాదన వచ్చేనాటికీ, తాళం తీసే అనుమతి దొరకలేదు. ఆ ఫిర్యాదు ఎఫ్‌సీసీ ముందు ఉంది. (పేటెంట్ల చిక్కు ఇంకోటి. కాన్‌స్టెలేషన్ డిజైన్స్ అనే కంపెనీ ఎల్‌జీ మీద వేసిన కేసులో 2023లో జ్యూరీ 16.8 లక్షల డాలర్లు కట్టమన్నాక, ఎల్‌జీ తన 2024 టీవీల్లో 3.0 ట్యూనరే మానేసింది.)

స్టేషన్ యజమానుల సంఘం ఎన్ఏబీ 2025 ఫిబ్రవరిలో ఎఫ్‌సీసీకి పిటిషన్ పెట్టింది. పెద్ద 55 మార్కెట్లలో 2028 ఫిబ్రవరికల్లా, మిగతా చోట్ల 2030 ఫిబ్రవరికల్లా 1.0 ఆగిపోవాలని, కొత్త టీవీలన్నిటిలో 3.0 ట్యూనర్ తప్పనిసరి చేయాలని కోరింది. పెట్టెలో ఏముండాలో ప్రభుత్వమే శాసించాలట, తాళంచెవి ఎవరికివ్వాలో మాత్రం తామే తేల్చుకుంటారట.

అక్టోబర్ ప్రతిపాదన అంత దూరం వెళ్లలేదు. మారడం మారకపోవడం స్టేషన్ ఇష్టానికే వదిలింది, గుప్తీకరణ మీద అభిప్రాయాలు అడిగింది. ఆ అభిప్రాయాల్లో పట్టించుకోవాల్సింది ఏ3ఎస్ఏ తన నియమాల్లోనే రాసుకున్న ఒక వాక్యం. 1.0లో కూడా సమాంతరంగా వచ్చే కార్యక్రమాన్ని వీక్షకులు ఎన్ని కాపీలైనా చేసుకోవచ్చని, అలా రాని వాటికి కాపీల పరిమితి పెట్టవచ్చని అందులో ఉంది. సమాంతర ప్రసారమే ఆగిపోతే మొదటి కోవలో మిగిలే కార్యక్రమాలు సున్నా.