బుచ్చిరెడ్డిపాలెం బోర్డు

నెల్లూరు ఆర్టీసీ బస్టాండులో మా మేనల్లుడు బస్సు బోర్డు చదువుతున్నాడు. మూడో తరగతి అయిపోయింది, సెలవులిచ్చి పది రోజులు. బు... చ్చి... రె... అంటూ 'డ్డి' దగ్గరికి వచ్చేసరికి బస్సు కదిలింది. "మామా, చదవనీకుండానే పోయిందే!" అని అలిగాడు.

మాటలు వింటూ వింటూ వచ్చేస్తాయి. చదువు అలా రాదు. రాత పుట్టి అయిదు వేల ఏళ్ళు దాటిందంతే. దానికోసం మెదడులో పుట్టుకతో వచ్చే ఏర్పాటేమీ లేదు. మొహాలనూ వస్తువులనూ గుర్తుపట్టే వెనక భాగంలో, ఎడమ పక్కన కొంత చోటు అక్షరాలకు అలవాటు పడాలి. అందాకా కూడబలుక్కోవడమే. చిక్కేమిటంటే, అప్పటికప్పుడు గుర్తుంచుకునే జాగా మనకు బాగా ఇరుకు. నాలుగో అక్షరం తేల్చుకునేలోగా మొదటిది జారిపోతుంది. మాట చూడగానే తెలిసిపోతే తప్ప అర్థం గురించి ఆలోచించే తీరిక దొరకదు.

మన లిపితో ఈ దశ ఇంకా పొడుగు. గుణింతాలూ వత్తులూ కలిస్తే గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడం పిల్లలకు ఎలా పట్టుబడుతుందో పరిశోధకురాలు సోనాలీ నాగ్ పరిశీలించి 2007లో ప్రచురించారు. అక్షరాలు నేర్చుకోవడం నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంది. మావాడిది నాటేసి వారమైన మడి. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా, ఏడు వారాలు నీళ్ళు ఆపేస్తున్నాం.

అమెరికాలో హారిస్ కూపర్ బృందం 1996లో పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే, వేసవిలో సగటున నెల రోజుల చదువు వెనకబడినట్టు తేలింది. చదవడంలో ఎక్కువ నష్టపోయింది పేదింటి పిల్లలు. తర్వాత వచ్చిన పరిశోధనలన్నిట్లో ఇదే లెక్క రాలేదు లెండి. నాకు నచ్చింది ఫ్లోరిడాలో రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాంజెన్ చేసిన పని. పేద పిల్లలకు మూడు వేసవులు వరసగా, ఏటా 12 పుస్తకాలు ఊరికే ఇచ్చారు. పరీక్ష లేదు, కాపీ రాయడం లేదు. ఏ పుస్తకం కావాలో పిల్లలే ఏరుకున్నారు. పుస్తకాలు అందని పిల్లలకన్నా వీళ్ళు చదవడంలో ముందున్నారని 2010లో ప్రకటించారు.

ఏరుకోవడంలోనే ఉంది కిటుకు. రోజుకు రెండు పేజీల కాపీ రాయించే ఇళ్ళంటే నాకు పడదు. అక్కడ చెయ్యి కదులుతుందే గాని కన్ను మాటను పట్టదు. మావాడు ఏరుకున్నది బస్సు బోర్డులు. వాటినేం తక్కువగా చూడనక్కర్లేదు: ఆత్మకూరులో 'త్మ', సర్వేపల్లిలో 'ర్వే', మర్రిపాడులో 'ర్రి', కృష్ణపట్నంలో ఒకే మాటకు మూడు చిక్కుముళ్ళు! వత్తుల పాఠం ఇంతకన్నా బాగా ఎవరు రాస్తారు?

మూడు వారాలుగా సాయంత్రాలు బస్టాండుకే పోతున్నాం. బుచ్చిరెడ్డిపాలెం ఇప్పుడు ఒక్క చూపుకే దొరుకుతోంది. నిన్న ఆత్మకూరు బస్సు వస్తే పెద్దక్షరాలు వదిలేసి, కింద 'వయా' పక్కన చిన్నగా ఉన్న ఊళ్ళ పేర్లు చదువుతానని బస్సు ముందుకు పరిగెత్తాడు. డ్రైవరు హారన్ కొట్టాడు.