అపోహలు - వాస్తవాలు: అప్పుడప్పుడు వచ్చే డిప్రెషన్‌కి అప్పుడప్పుడు మాత్ర వేసుకుంటే సరిపోతుందా?

గత నెలలో ఒకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. కూర్చోగానే జేబులోంచి ఒక స్ట్రిప్ తీసి బల్ల మీద పెట్టారు. నెలన్నర కింద ఆవిడ డిప్రెషన్‌కి నేనే రాసిన ఎస్సిటాలోప్రామ్, పదిహేను మాత్రల స్ట్రిప్. రోజుకొకటి చొప్పున ఈపాటికి మూడు స్ట్రిప్పులు అయిపోవడానికి వచ్చి ఉండాలి. మొదటి దాంట్లోనే ఇంకా నాలుగు మాత్రలున్నాయి. ఖాళీ అయినవి కూడా వరసలో లేవు, ఇక్కడొకటి అక్కడొకటి.

"తను బాగా డల్‌గా ఉన్న రోజు నేనే ఇస్తున్నాను మేడమ్. బాగున్న రోజు ఎందుకులే అని ఇవ్వట్లేదు. అయినా ఈ మందు తనకి పడట్లేదు, మార్చండి" అన్నారు.

ఆయన నిర్లక్ష్యంగా ఉన్న మనిషి కాదు. రోజూ పొద్దున్నే భార్య మొహం చూసి, ఇవాళ మందు కావాలా వద్దా అని తేల్చుకుంటూ నెలన్నర గడిపారు. ఆవిడ మాత్రం తల దించుకుని, "వేసుకున్న రోజల్లా వికారం, తలనొప్పి. అంతకు మించి నాకేమీ తేడా తెలియలేదు" అంది.

ఇలాంటి స్ట్రిప్పులు నెలకి నాలుగైదైనా నా బల్ల మీదకి వస్తాయి.

అపోహ: డిప్రెషన్ వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి, వచ్చినప్పుడు మాత్ర వేసుకుంటే చాలు.

చాలదు. దీనివల్ల జరిగినంత నష్టం మిగతా అపోహలన్నీ కలిపినా జరగడం నేను చూడలేదు.

ఫ్లుఓక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి మందులు తలనొప్పి మాత్రల్లా పనిచేయవు. మింగిన కొన్ని గంటల్లోనే మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద వాటి పని మొదలవుతుంది, నిజమే. కానీ మనసు తేలికపడటానికి అది చాలదు. రోజూ వేసుకుంటే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి రక్తంలో ఒక స్థాయిలో నిలబడటానికే సుమారు వారం పడుతుంది. ఆ తర్వాత మెదడు మెల్లగా సర్దుకోవాలి. మార్పు మొదలవడానికి 2 నుంచి 4 వారాలు, పూర్తిగా తెలియడానికి 6 నుంచి 8 వారాలు పట్టడం మామూలే.

సైడ్ ఎఫెక్ట్స్ దీనికి పూర్తిగా రివర్స్. వికారం, తలనొప్పి, నిద్ర చెదరడం, కాస్త గాభరా, ఇవన్నీ మొదటి వారంలోనే వస్తాయి. రోజూ వేసుకునేవాళ్లలో చాలామందికి రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. ఇప్పుడు ఆ పదకొండు మాత్రలు ఏం చేశాయో చూడండి. ఆవిడకి మొదటి వారం బాధ పదే పదే వచ్చింది, ఆరో వారం మేలు మాత్రం ఒక్కసారీ అందలేదు. అటు మందు వాడినట్టూ కాదు, ఇటు మానేసినట్టూ కాదు. చివరికి "మందులు కూడా నన్ను బాగుచేయలేవు" అనే నమ్మకం ఒకటి మిగిలింది. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఇది ఎంత ప్రమాదకరమైన నమ్మకమో ఇంట్లోవాళ్లకి తట్టదు.

ఈ పొరపాటు ఎక్కడ మొదలవుతుందో నాకు తెలుసు. ఆల్ప్రాజోలామ్, క్లోనాజెపామ్ లాంటి మాత్రలు ఎవరో ఒకరు వాడగా చూసి ఉంటారు. అవి గంటలోపే టెన్షన్ తగ్గిస్తాయి. దాంతో మనసుకి ఇచ్చే మందులన్నీ అంతేననుకుంటారు. అవి వేరే జాతి మందులు. అలవాటు పడే భయం నిజంగా ఉన్నది వాటితోనే, అందుకే కొద్ది రోజులకే రాస్తాం. విచిత్రంగా జనం వాటిని నెలల తరబడి వాడేస్తారు, రోజూ వేసుకోవాల్సిన వాటిని దాచిపెడతారు.

అయితే ఇక్కడ ఒక మినహాయింపు చెప్పకపోతే తప్పు. కొంతమంది ఆడవాళ్లకి ప్రతి నెలా పీరియడ్స్‌కి ముందు వారం పదిరోజులు దిగులు, పట్టరాని కోపం, ఏడుపు వచ్చి, పీరియడ్స్ మొదలైన కొద్ది రోజుల్లో పూర్తిగా పోతాయి. దాన్ని పీఎండీడీ అంటాం. అందులో ఇవే మందులు త్వరగా పనిచేస్తాయి, నెలలో రెండో సగం మాత్రమే వాడినా ఫలితం ఉంటుంది. ఏటా ఒకే కాలంలో డిప్రెషన్ వచ్చేవాళ్లు కొందరుంటారు. వాళ్లకి ఆ కాలం రాకముందే మందు మొదలుపెట్టి, దాటాక ఆపే పద్ధతి ఉంది. ఈ రెండు సందర్భాల్లోనూ ఏ రోజు మొదలు, ఏ రోజు ఆపడం అన్నది ముందే రాసుకుని వాడతాం. పొద్దున మొహం చూసి నిర్ణయించడం అక్కడా లేదు.

అందుకే "అప్పుడప్పుడు వస్తుంది" అని ఎవరైనా అంటే ముందు ఆ అప్పుడప్పుడు అంటే ఏమిటో అడుగుతాను. నెలలో నాలుగు రోజులా? గొడవైన మర్నాడా? రెండేళ్లకోసారి వచ్చి మూడు నెలలుంటుందా? ఒక కేలండర్ తీసుకుని రెండు నెలలు రోజుకొక గుర్తు పెట్టమంటాను. నిద్ర, ఆకలి, పనికి వెళ్లారా లేదా, అంతే. ఆ కాగితం ముందుంటే సగం సందేహాలు మాట్లాడకుండానే తీరిపోతాయి. మనిషి బాగా కుంగిపోయి ఉంటే మాత్రం రెండు నెలలు ఆగకండి, వెంటనే తీసుకురండి.

ఒకరోజు రెండ్రోజులు దిగులుగా ఉండి తేరుకునే మనిషికి సాధారణంగా మందు రాయను. డిప్రెషన్ అనాలంటే కనీసం రెండు వారాలు, దాదాపు ప్రతి రోజూ, రోజులో ఎక్కువ భాగం దిగులు గానీ దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ ఉండాలి. వాటితో కలిపి తొమ్మిది లక్షణాల్లో అయిదైనా కనిపించాలి. అది తేలికపాటిదైతే కౌన్సెలింగ్, వ్యాయామం, రోజుని మళ్లీ పనులతో నింపుకోవడం, వీటితోనే మొదలుపెట్టొచ్చు. మనిషి పనికి వెళ్లలేకపోతున్నా, తిండీ నిద్రా దెబ్బతిన్నా, చావు గురించి మాట్లాడుతున్నా, ఇంతకుముందు రెండు మూడు సార్లు ఇలాగే వచ్చి ఉన్నా అప్పుడు మందు వైపు మొగ్గుతాను. మధ్యలో బాగున్న నెలల్ని చూసి జబ్బు చిన్నదనుకోకండి. బాగా ముదిరిన డిప్రెషన్ కూడా వచ్చిపోతూ ఉంటుంది. థైరాయిడ్, రక్తహీనత, బీ12, మద్యం, వాడుతున్న వేరే మందులు, ఇవి కూడా చూడకుండా నిర్ణయానికి రాకూడదు.

అపోహ: మందు కావాలో వద్దో తేల్చాల్సింది భార్య లేదా భర్త.

తేల్చాల్సింది ఆ మనిషి, డాక్టరుతో మాట్లాడి. మీరు సాక్షి. కానీ ఆ సాక్ష్యం ఎంత విలువైనదో నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒకతను ఒంటరిగా వచ్చాడు. స్పష్టంగా డిప్రెషన్. యాంటీడిప్రెసెంట్ రాసి పంపాను. మూడు వారాలకి అతని భార్య ఏడుస్తూ ఫోన్ చేసింది. నిద్రపోకుండా తిరుగుతున్నాడు, ఉన్న డబ్బంతా ఎవరికో ఇచ్చేశాడు, ఆపబోతే అరుస్తున్నాడు. "రెండేళ్ల కింద కూడా ఒక పది రోజులు ఇలాగే ఉన్నారండీ, హుషారుగా ఉన్నారులే అనుకున్నాం" అంది. అది బైపోలార్, అంటే కొన్నాళ్లు కుంగుబాటు, కొన్నాళ్లు మితిమీరిన హుషారు వచ్చే జబ్బు. అందులో యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే మనిషి ఒక్కసారిగా ఆ హుషారు వైపు ఎగిసిపడే ప్రమాదం ఉంది. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు తమ హుషారు రోజుల్ని జబ్బుగా చెప్పరు, వాళ్ల దృష్టిలో అవి మంచి రోజులు. అప్పుడు ఆమెను పిలిచి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఎవరు వచ్చినా, వాళ్లు ఒప్పుకుంటే, పక్కన బతికే మనిషితో మాట్లాడకుండా మందు రాయను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"అలవాటు పడిపోతారు." ఈ మందుల కోసం ఎవరూ తహతహలాడరు, డోస్ పెంచుకుంటూ పోరు. కానీ ఒక్కసారిగా ఆపేస్తే కళ్లు తిరగడం, చిరాకు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం ఉండొచ్చు. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఎక్కువ. అందుకే మెల్లగా తగ్గిస్తూ ఆపుతాం.

"బాగైపోయింది కదా, ఇంకెందుకు?" పూర్తిగా బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలి. పదే పదే వచ్చినవాళ్లకి రెండేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఎక్కువమంది విషయంలో జీవితాంతం కాదు.

"మనిషే మారిపోతాడు." స్వభావం మారదు. భావాలు మొద్దుబారినట్టు కొందరికి అనిపిస్తుంది, చెబితే డోస్ గానీ మందు గానీ మార్చవచ్చు. దాంపత్య జీవితంలో ఆసక్తి తగ్గడం చాలామందికి వచ్చే సైడ్ ఎఫెక్టే. దీని గురించి ఎవరూ నోరు విప్పరు, చెప్పకుండా మందు మానేస్తారు. ఆ సమస్య తక్కువగా ఉండే మందులూ ఉన్నాయి. అడగండి.

"చెబితే ఒప్పుకోరు, తెలియకుండా కలిపి ఇచ్చేద్దాం." వద్దు. తెలిసిన రోజున మందు మీదే కాదు, మీ మీద కూడా నమ్మకం పోతుంది.

"చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది." పుట్టదు. నేరుగా అడగండి. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఒంటరిగా వదలకండి, మాత్రలన్నీ మీ దగ్గర పెట్టుకోండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 25 ఏళ్ల లోపు వాళ్లలో మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, డోస్ మార్చినప్పుడు ఇలాంటి ఆలోచనలు పెరిగే అవకాశం కొంత ఉంది కాబట్టి అప్పుడు ఇంకాస్త దగ్గరగా గమనించాలి.

ఆ దంపతుల విషయంలో నేను మందు మార్చలేదు. ఆవిడకి చావు ఆలోచనలు లేవని తేల్చుకున్నాక స్ట్రిప్ ఆవిడ చేతికే ఇచ్చాను. సగం మాత్రతో మొదలుపెట్టి, తిన్న తర్వాత రోజూ ఒకే వేళకి వేసుకోమన్నాను. ఆయనకి కేలండర్ ఇచ్చాను. "మొహం చూసి మందు ఇవ్వకండి, చూసింది ఇందులో రాయండి" అంటే తల ఊపారు. ఇవాళ్టికి మూడో వారం. వికారం తగ్గిందని పొద్దున ఆవిడే ఫోన్ చేసింది. మనసు సంగతి అడిగితే, "ఇంకా ఏమీ తెలియట్లేదు మేడమ్, కానీ రోజూ వేసుకుంటున్నా" అంది.