పిడుదులు ఉన్నది కుక్క మీద కాదు, మీ ఇంట్లో

గత నెల విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "బాబూ, మా బ్రూనో మాట వినడం మానేశాడు. సిట్ అంటే కూర్చోడు, పిలిస్తే రాడు, నువ్వు నేర్పిందంతా మర్చిపోయాడు, ఒకసారి వచ్చి చూడు" అని. వెళ్ళాను. నాలుగేళ్ళ ల్యాబ్రడార్, నన్ను చూస్తే చాలు మీదకి ఎగబడేవాడు, ఆ రోజు గుమ్మం దగ్గర పడుకునే తోకతో రెండుసార్లు నేల మీద కొట్టి ఊరుకున్నాడు. పై పెదవి ఎత్తి చూశాను. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు సున్నం వేసినట్టున్నాయి, పొట్ట కింద సూదితో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు. "అమ్మా, వీడికి ముందు డాక్టర్ కావాలి" అని అప్పటికప్పుడే కారెక్కించాం. రక్తపరీక్షలో టిక్ ఫీవర్, అంటే పిడుదులు కుడితే వచ్చే జ్వరం అని తేలింది, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి.

ఆవిడ ఏడుస్తూ అన్న మాట ఒకటే. "మేం మూడో అంతస్తులో ఉంటాం, కనిపించినవి కనిపించినట్టు పీకేస్తూనే ఉన్నాం కదా బాబూ!"

కుక్కల్ని నిలువునా చంపుతున్న అపోహ ఇదే. చెవుల్లో, వేళ్ళ సందుల్లో దొరికినవి పీకేస్తే పని అయిపోయిందనుకుంటారు. మన కుక్కలకి పట్టేది ఎక్కువగా బ్రౌన్ డాగ్ టిక్ అనే గోధుమరంగు పిడుదు. దాని పిల్ల ముందు కుక్కనెక్కి రక్తం తాగి దిగిపోతుంది, చర్మం విడిచి మళ్ళీ ఎక్కుతుంది, మళ్ళీ దిగుతుంది, మూడోసారి పెద్దదై ఎక్కుతుంది. ఆడది శనగగింజంత ఉబ్బాక కిందకి దిగి, గోడ పగుల్లోనో తలుపు చట్రం సందులోనో దూరి, నాలుగు వేల దాకా గుడ్లు పెట్టి చస్తుంది. అంటే దాని జీవితంలో ఎక్కువ కాలం గడిచేది మీ గోడల్లో, తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతుంది. మూడో అంతస్తయితే ఏంటి, బీచ్ రోడ్డు వాకింగ్ నుంచి ఒక్కటి వచ్చినా చాలు, లిఫ్ట్‌లో పక్క ఫ్లాట్ కుక్క నుంచి వచ్చినా చాలు. బ్రూనో పడుకునే మూల కర్టెన్ పై మడత విప్పి చూపించాను ఆవిడకి. ఆవాలు పోసినట్టు, కొన్ని కదులుతూ. ఇల్లు అద్దంలా పెట్టుకునే మనిషి, పాపం ఆ కుర్చీలోనే కూలబడిపోయారు. ఇది శుభ్రత లేక వచ్చేది కాదండీ, దయచేసి ఎవరూ సిగ్గుపడి దాచుకోవద్దు.

కాబట్టి మందు కుక్కకీ వేయాలి, ఇంటికీ వేయాలి. కుక్కకి స్పాట్ ఆన్ (చర్మం మీద వేసే చుక్కల మందు), మందు కాలర్, మాత్ర, ఏదైనా సరే, బరువుకి తగ్గది డాక్టర్‌ని అడిగి, గడువు తప్పకుండా, ఏడాది పొడవునా. చలికాలం ఆపేస్తాం అంటారు, విశాఖలో పిడుదులు చచ్చేంత చలి ఎప్పుడు చూశారు? స్పాట్ ఆన్ వేసేముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం వద్దు. కుక్క పడుకునే గుడ్డలు వేడినీళ్ళలో ఉతకాలి, పగుళ్ళు పూడ్చాలి, మూలలు వ్యాక్యూమ్ చేయాలి, మరీ ఎక్కువుంటే పెస్ట్ కంట్రోల్ చేయించి అది ఆరేదాకా కుక్కని బయట ఉంచాలి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి, కుక్కలకి వాడే పెర్మెత్రిన్ అనే పిడుదుల మందు పిల్లికి విషం.

కిరోసిన్ రాయమనేవాళ్ళు, వెల్లుల్లి పెట్టమనేవాళ్ళు ఇంకా ఉన్నారు. కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది, నాకితే ఊపిరితిత్తులకి చేటు. వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాల్ని దెబ్బతీస్తుంది. తీపి పెడితే కడుపులో పురుగులు పుడతాయన్నది అబద్ధం, కూనలకి ఏలికపాములు తల్లి కడుపులోనే వచ్చేస్తాయి, అందుకే రెండు వారాల వయసు నుంచే డీవార్మింగ్ మొదలుపెడతారు. టిక్ ఫీవర్ వచ్చిన కుక్క నాకితే పిల్లలకి జ్వరం అంటుకుంటుందని కుక్కని రోడ్డు మీద వదిలేసిన ఇళ్ళు నాకు తెలుసు. అలా అంటుకోదు. ఆ జబ్బు మోసుకొచ్చేది పిడుదు.

ఇంకొకటి, నాకు బాగా బాధ కలిగించేది. ఈ టిక్ ఫీవర్‌కి ఎక్కువగా ఇచ్చేది డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, దాదాపు నాలుగు వారాలు వాడాలి. మూడు నాలుగు రోజులకే కుక్క లేచి తింటుంది, ఇంటివాళ్ళు మాత్రలు ఆపేస్తారు. పన్నెండేళ్ళ క్రితం నేనూ అదే చేశాను. రాజు అని నా మొదటి కుక్క, ఊరకుక్కే, ఆరో రోజుకి పరుగులు పెడుతుంటే ఇంకెందుకని ఆపేశాను. లోపల జబ్బు అలాగే ఉండిపోయింది, ఐదు నెలలకి ముక్కులోంచి రక్తం మొదలైంది, ఈసారి ఏ మందూ ఆపలేకపోయింది. ఇప్పుడు ఏ ఇంటికెళ్ళినా మాత్రల షీటు అడిగి తీసుకుని లెక్కపెడతాను, కొందరికి కోపం వస్తుంది, రానీండి.

బ్రూనో కోలుకున్నాడు. మొన్న ఆవిడ మళ్ళీ టెన్షన్‌గా ఫోన్ చేశారు, పిడుదుల మాత్ర వేసి పది రోజులైనా చెవి దగ్గర ఒక పిడుదు కనిపించిందట, మందు పనిచేయట్లేదేమో, ఆపేసి వేరేది వేద్దామా అని. వద్దమ్మా అన్నాను. ఆ మాత్ర రక్తంలో ఉంటుంది, పిడుదు కుట్టాకే చస్తుంది. గోడల్లో మిగిలినవి ఇంకో రెండు మూడు నెలలు ఒక్కొక్కటీ బయటికొచ్చి వాడినెక్కుతాయి, ఎక్కినవి చస్తాయి. ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయండి, వేళ్ళతో నలపొద్దు, తర్వాతి మాత్ర తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి అని చెప్పాను.