గాలి సోకిన లారీ

ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న: "డీజిల్ అయిపోయి మా లారీ రోడ్డు మీద ఆగిపోయింది. క్యాన్లతో తెచ్చి 40 లీటర్లు పోశాం. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు. బైకులో పెట్రోలు పోస్తే వెంటనే స్టార్ట్ అవుతుంది కదా, దీనికేం రోగం?"

మనిషి ఉన్నట్టుండి మొండికేస్తే ఊళ్లో "గాలి సోకింది" అంటారు. ఈ లారీ విషయంలో ఆ మాట అక్షరాలా నిజం, ట్యాంకు ఎండినప్పుడు డీజిల్ పైపులోకి గాలి దూరింది. మెకానిక్కులు దీన్నే "ఎయిర్ పట్టింది" అంటారు.

సెల్ఫే తిరగకపోతే అది బ్యాటరీ, కేబుళ్ల గొడవ. దాని జోలికి ఇక్కడ పోను. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు చూడాల్సింది సైలెన్సర్ వైపు. తెల్లపొగ వస్తుంటే డీజిల్ లోపలికి చేరుతోంది కానీ అంటుకోవడం లేదు. పొగే లేకపోతే డీజిల్ చేరడమే లేదు. మన పాఠకుడి లారీ, నా అంచనాలో, రెండో రకం.

డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్ ఉండదు. నిప్పు పెట్టేది గాలే. సైకిల్ పంపు గబగబా కొడితే దాని అడుగు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది కదా, అదే పని ఇక్కడ పిస్టన్ చేస్తుంది. 30 డిగ్రీల గాలిని 17వ వంతుకు నొక్కితే, వేడి ఎటూ పోకపోతే, లెక్క ప్రకారం అది 650 డిగ్రీలు దాటాలి. గోడలు కొంత లాగేసుకుంటాయి, రింగుల సందుల్లోంచి కొంత గాలి జారిపోతుంది. అయినా 250 డిగ్రీల దగ్గరే అంటుకోగల డీజిల్‌కు మిగిలిన వేడి చాలు. సెల్ఫ్ నీరసంగా తిరిగితే మాత్రం గోడలకు తీరిక దొరుకుతుంది. నిమిషానికి 200 చుట్లు తిరిగితే ఒక నొక్కుకు 0.15 సెకను పడుతుంది, 80 చుట్లయితే దాదాపు 0.38 సెకను. ఇంటర్‌లో వేడి ఎటూ పోని నొక్కుడును స్థిరోష్ణక ప్రక్రియ అని చెప్పి సూత్రం బట్టీ పట్టించారు కానీ, కిటికీలోంచి కనిపించే లారీని ఒక్క మాస్టారూ చూపించలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

సిలిండరులో నిప్పు రాజేసే ఈ నొక్కుడు గుణమే డీజిల్ పైపులోకి వస్తే కొంప ముంచుతుంది. మందుల షాపులో 5 మిల్లీలీటర్ల సిరంజి కొనండి, సూది వద్దు. గాలితో నింపి, మూతిని బొటనవేలితో మూసి నొక్కండి. మెత్తగా దిగుతుంది, వదిలితే పైకి తంతుంది. ఇప్పుడు గాలి లేకుండా నీళ్లతో నింపి నొక్కండి. రాయి! మూడోసారి నీళ్లతోపాటు కాస్త గాలి ఉంచండి. మీ నొక్కుడంతా ముందు ఆ గాలిని నలపడానికే పోతుంది, నీళ్లు పెద్దగా బిగుసుకోవు. నర్సు సిరంజిని పైకెత్తి, వేలితో తట్టి, ఒక చుక్క బయటికి చిమ్మడం చూశారుగా? ఆమె తీసేది కూడా ఎయిరే, కారణం వేరే అనుకోండి.

పాతకాలం పంపు ఉన్న ఇంజనులో, సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకోవాలంటే సుమారు 200 బార్ పీడనం కావాలి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత). అంత పీడనానికి డీజిల్ ఒక శాతానికి కాస్త ఎక్కువగా కుంచించుకుపోతుంది, అంతే. గాలైతే 200వ వంతుకు చిక్కిపోతుంది. ఒక్కో సిలిండరు లీటరు ఉండే ఇంజనులో, పంపు ఒక్క తోపుకు నాజిల్‌కు పంపేది నిండు లోడు మీద కూడా సుమారు 100 ఘన మిల్లీమీటర్లు, అంటే రెండు మిరియాలంత డీజిల్. పంపులో డీజిల్‌ను తోసే కడ్డీ, అంటే ప్లంజరు ముందు ఒకటి రెండు మిరియాలంత బుడగ చేరిందంటే తోపంతా దాన్ని నలపడానికే ఖర్చు. ప్లంజరు వెనక్కి రాగానే బుడగ మళ్లీ ఉబ్బుతుంది. సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఇదే ఊయల, నాజిల్ మూతి విప్పదు. కార్బురేటర్ బైకుకు ఈ బాధ లేదు. పెట్రోలు దానంతటది కిందికి జారుతుంది, బుడగ బయటికి పోయే దారీ ఉంటుంది.

డీజిల్ అయిపోకపోయినా గాలి పట్టవచ్చు. ట్యాంకు నుంచి, డీజిల్‌ను లాగి ముందుకు పంపే ఫీడ్ పంపు దాకా ఉన్నది పీల్చే దారి. అక్కడ లోపలి పీడనం బయటి కంటే తక్కువ. కొబ్బరిబోండంలో చీలిన స్ట్రా వేసుకుని తాగి చూడండి, నీళ్లు కారవు, నోట్లోకి గాలి వస్తుంది. అందుకే ఈ లీకు నేల మీద చుక్క కూడా రాల్చదు. "ఆ చింతచెట్టు కింద ఆపితే పొద్దున బండి కదలదు" అని డ్రైవర్లు చెప్పుకునే చోటుకి ఓసారి వెళ్లి నేల వాలు చూడండి. ముందు చక్రాలు ఎత్తుగా ఉంటే రాత్రంతా ఆ సన్నటి సందులోంచి గాలి దూరుతుంది, డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారుతుంది. బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టుకోండి, వద్దనను. అదే చేత్తో డీజిల్ పైపును బిగించే బాంజో బోల్టు కింద రాగి వాషరు కూడా మార్చండి.

తమాషా ఏమిటంటే, 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజనులో ఇంధనాన్ని లోపలికి ఊదింది గాలే. దానికి కావలసిన కంప్రెసరు ఫ్యాక్టరీలకు, ఓడలకు సరిపోయింది కానీ లారీకి మోయలేని బరువు. ద్రవాన్ని నేరుగా తోసే పంపులను 1927లో బాష్ కంపెనీ వరసగా తయారు చేయడం మొదలుపెట్టాక లారీలకు దారి తెరుచుకుంది. అక్కణ్ణుంచే గాలి శత్రువైంది.

ఇక పాఠకుడి లారీ సంగతి. ఫిల్టరు మీద గాలి వదిలే బ్లీడర్ స్క్రూ వదులు చేసి, చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపు, హ్యాండ్ ప్రైమర్ కొడుతూ ఉండాలి. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగల్లేని ధార. అప్పుడు స్క్రూ బిగించాలి. పాత పంపయితే నాజిల్ దగ్గర పైపు నట్లు కూడా వదులు చేసి సెల్ఫ్ కొడతారు. నాజిళ్లన్నిటికీ ఒకే పైపు నుంచి పీడనంతో డీజిల్ అందే కామన్ రైల్ బండిలో మాత్రం ఆ నట్లు ముట్టుకోవద్దు. నడుస్తున్నప్పుడు అక్కడి పీడనం వెయ్యి బార్లు దాటుతుంది, చిమ్మిన ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

సెల్ఫ్ ఒకేసారి 15 సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో చల్లారనివ్వండి. ఆరు సిలిండర్లలో ముందు ఒకటి దగ్గుతుంది, తర్వాత మూడు కుంటుతూ అందుకుంటాయి, తెల్లపొగ గుప్పుమంటుంది. ఆరూ కలిసేదాకా రేసు ఇవ్వొద్దు.