ఎల్‌వీఎన్ నుంచి ఆర్‌ఎన్ దాకా: పేచీ అంతా ఆ 30 యూనిట్ల దగ్గరే

కాలిఫోర్నియాలో లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సు (ఎల్‌వీఎన్) రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్) కావాలంటే ఇంకెంత చదవాలన్న వాదన మళ్లీ రాజుకుంది. 1951 నాటి వొకేషనల్ నర్సుల చట్టం నుంచి ఏకరువు పెట్టనక్కర్లేదు. ఇప్పటి తగవును అర్థం చేసుకోవడానికి రాష్ట్రంలో వృత్తుల లైసెన్సులను నడిపే బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్‌లోని సెక్షన్ 2736.6 చాలు. లైసెన్సున్న ఎల్‌వీఎన్‌ను ఆర్‌ఎన్ పరీక్షకు కూర్చోనివ్వడానికి నర్సింగ్, అనుబంధ సైన్సుల్లో 30 సెమిస్టర్ యూనిట్లకు (కాలేజీ క్రెడిట్లకు) మించి చదవమని రిజిస్టర్డ్ నర్సింగ్ బోర్డు అడగడానికి వీల్లేదు. చట్టం పెట్టింది గరిష్ఠ పరిమితి. కాలేజీలు ఈ సంగతి పెద్దగా ఎత్తవు.

క్వార్టర్ల లెక్కలో అవే 45 యూనిట్లు. ఫిజియాలజీ, మైక్రోబయాలజీ ల్యాబులతో కలిపి సాధారణంగా చెరో నాలుగైదు యూనిట్లు తీసుకుంటాయి. మిగిలిన ఇరవై పైచిలుకులో మెడికల్ సర్జికల్ (జబ్బులు, ఆపరేషన్ల రోగుల సంరక్షణ), మానసిక ఆరోగ్యం, వృద్ధుల నర్సింగ్ వస్తాయి. అవి మొదటి ఏడాది పాఠాలకు పైమెట్టువే అయ్యుండాలి. మామూలు దారిలో వచ్చే విద్యార్థికైతే కనీసం 58: నర్సింగ్ 36 (థియరీ 18, క్లినికల్ అంటే వార్డు శిక్షణ 18), సైన్సులు 16, కమ్యూనికేషన్ 6.

కాగితం మీద తేలికే. ఫిజియాలజీలో చేరబోతే కాలేజీ ముందు అనాటమీ చేసి రమ్మంటుంది, మైక్రోబయాలజీకి కెమిస్ట్రీ అడుగుతుంది. బోర్డు కోరని ఈ కోర్సులతో 30 కాస్తా పెరిగిపోతుంది. సెమిస్టర్‌లో ఒక క్లినికల్ యూనిట్ అంటే వారానికి మూడు గంటలు. ఐదు తీసుకుంటే పదిహేను గంటలు వార్డులోనే, పన్నెండు గంటల షిఫ్టులు చేసుకుంటూ. ఇక సీటు సంగతి: రెండో ఏడాదిలో ఎవరైనా మానేసి ఖాళీ వస్తేనే. ఆ ఖాళీ కూడా తరచూ డిగ్రీ కోసం చేరే ఎల్‌వీఎన్‌లకే ముందు దక్కుతుంది. క్లినికల్ స్థలాలు చాలడం లేదన్నది కాలేజీల జవాబు.

ఆర్‌ఎన్ కావాలని ఎల్‌వీఎన్‌లకు ఇంత పట్టుదల దేనికంటే, 2004లో అమల్లోకి వచ్చిన నర్సు-రోగి నిష్పత్తుల (ఒక్కో నర్సుకు ఎందరు రోగులన్న పరిమితి) కేసి చూడాలి. వార్డులో లైసెన్సున్న నర్సుల్లో సగం దాకా ఎల్‌వీఎన్‌లు ఉండొచ్చు. కానీ రోగి అసెస్‌మెంట్ ఆర్‌ఎన్ పనే. ఐవీ సర్టిఫికేషన్ ఉన్న ఎల్‌వీఎన్ సెలైన్ పెట్టొచ్చు గానీ, ఐవీ మందు పుష్ చేయడానికి (సిరంజితో నేరుగా నరంలోకి ఎక్కించడానికి) మళ్లీ ఆర్‌ఎన్‌నే పిలవాలి. అలాంటప్పుడు ఆసుపత్రి ఎవర్ని తీసుకుంటుందో చెప్పక్కర్లేదు.

బోర్డు మాటా కొట్టిపారేసేది కాదు. 30 యూనిట్లతో వచ్చినవాళ్లు నర్సింగ్ ప్రోగ్రాం గ్రాడ్యుయేట్లు కారు. తర్వాత డిగ్రీ చేసినా బోర్డు దగ్గర ఆ హోదా మారదు. కాలిఫోర్నియాలో లైసెన్సుకు లోటుండదు గానీ వేరే రాష్ట్రాలు దాన్ని ఒప్పుకోకపోవచ్చు. భర్త ఉద్యోగం ఎప్పుడు బే ఏరియా నుంచి డాలస్‌కు మారుతుందో తెలియని తెలుగు ఇళ్లలో, ఎల్‌వీఎన్‌లకు మొదటి ఏడాది క్రెడిట్ ఇచ్చే అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల కాలేజీ డిగ్రీ) దారే నయం, కాలం కాస్త ఎక్కువ పట్టినా.