మన జిల్లా గొంతులు: పిల్లలకు అవ్వ ఉత్తరం

తిరుపతి

చిరంజీవులకు అవ్వ ఆశీస్సులు.

పాత పాటలంటే ఘంటసాల పాటలేనా అని మొన్న ఫోన్లో అడిగారు కదా. ఘంటసాల గారి గురించి మీకు ఎవరైనా చెబుతారు. మన చిత్తూరు వైపు వాళ్ళ సంగతి నేను చెప్పాలి.

ముందు నాగయ్య గారు. 1904లో రేపల్లెలో పుట్టినా, ఇక్కడి నాటకాలతో పేరొచ్చి చిత్తూరు నాగయ్య అయ్యారు. అప్పట్లో నాటకానికి మైకు ఉండేది కాదు. కడపటి వరసలో కూర్చున్నోళ్ళకు కూడా పద్యం వినపడాల, అందుకని గొంతెత్తి పాడేవాళ్ళు. సినిమాకు వచ్చాక ఆయన ఆ జోరంతా తగ్గించుకున్నారు. దేవుడితో ఒంటరిగా మాట్లాడుకుంటున్నట్టు పాడతారు. 1946 నాటి 'త్యాగయ్య'లో వేషం, పాట, దర్శకత్వం అన్నీ ఆయనవే.

తర్వాత నటించేవాళ్ళు వేరు, పాడేవాళ్ళు వేరు అయ్యారు. మైకు ఉంది కాబట్టి మెత్తటి గొంతుకు కూడా చోటు దొరికింది. అట్లా వచ్చినవారే ఎ.ఎం.రాజా. 1929లో మన జిల్లాలోనే పుట్టారు. 1955లో వచ్చిన 'మిస్సమ్మ'లో రామారావు గారికి పాడింది ఆయనే. 'బృందావనమది అందరిది' పెట్టుకుని వినండి. ఎక్కడా గొంతు పెంచరు, అయినా ఒక్క మాట జారిపోదు. అంత నెమ్మదిగా పాడి నిలబెట్టడం గట్టిగా పాడేదానికన్నా కష్టమని నా నమ్మకం.

ఇంక జిక్కి. అసలు పేరు కృష్ణవేణి. చంద్రగిరి నుంచి మద్రాసుకు చేరిన కుటుంబం వాళ్ళది. 'రోజులు మారాయి'లో కొసరాజు గారు రాసిన 'ఏరువాక సాగారో' పాడింది ఈమె. మా చేలో నాట్లేసే ఆడోళ్ళు అది పాడుతా ఉంటే, సినిమా పాటని తోచేదే కాదు నాకు. అదే ఏడు, 1955లోనే, 'అనార్కలి'లో 'జీవితమే సఫలము' అని పాడిందీ ఆ గొంతే! రాజా గారు, ఈమె పెళ్ళి చేసుకున్నారు. 1960లో 'పెళ్ళికానుక'కు ఆయన సంగీతం కడితే, ఆత్రేయ గారి మాటల్ని, 'పులకించని మది పులకించు' అని ఈమె పాడారు. పాట మనిషిని ఏం చేస్తుందో చెప్పే పాట అది. నాకు అన్నిటికన్నా ఇష్టం.

ఆ కాలపు గ్రామఫోను ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక పక్కకు మూడు నిమిషాల చిల్లరే పట్టేది. అందులోనే పల్లవి, చరణాలు, వాద్యాలు అన్నీ ఇమడాల. వాద్యాలవాళ్ళు, పాడేవాళ్ళు ఒకేసారి కూర్చుని పాడాల. ఎవరు తప్పినా మళ్ళీ మొదటినుంచే. ఇప్పటి మాదిరి ముక్కలు పాడి అతికించే వీలు లేదు. అందుకే మధ్యలో ఆపొద్దు నాయనా, కడదాకా వినండి.

మాకు పెళ్ళి పందిట్లో మైకుసెట్టువాడు పెడితేనే పాట. మీకు ఫోన్లోనే అన్నీ ఉన్నాయి. ముందు జిక్కితో మొదలుపెట్టి, నాగయ్య గారిని కడపట వినండి. ఆయనకు కొంచెం ఓపిక కావాల. ఎవరికి ఏది నచ్చిందో నాకు రాయండి.

ఇట్లు,
మీ అవ్వ