పొగగొట్టానికి మూత ఎప్పుడు బిగించాలి?

చిరంజీవులైన నా మనవలకు,

తాతయ్య ఆశీస్సులు. ఒహాయోలో మీరు చేరిన పాత ఇంటి పొగగొట్టంలో పక్షుల చప్పుడు వినిపిస్తోందనీ, నాన్న దానికి వెంటనే మూత బిగిస్తానంటున్నారనీ రాశారు. మూత తప్పక బిగించవలసిందే, కాని ఈ జూన్ నెలలో కాదు.

అవి చాలావరకు చిమ్నీ స్విఫ్టులై ఉంటాయి. ఆ పక్షి కాళ్లు కొమ్మ మీద గాని తీగ మీద గాని వాలడానికి పనికిరావు. నిట్టనిలువు గోడను గోళ్లతో పట్టుకొని వేలాడడమే దానికి తెలుసు. పూర్వం తొర్రలున్న మహావృక్షాలలో ఉండేవి, అడవులు నరికి మనుషులు ఇళ్లు కట్టుకున్నాక ఇటుక పొగగొట్టాలలోకి మారాయి. ఎగురుతూనే ఎండుపుల్లలు విరిచి తెచ్చి, తమ లాలాజలంతోనే గోడకు అతికించి, చిన్న అర్ధచంద్రాకారపు గూడు కడతాయి. చలికాలమంతా దక్షిణ అమెరికాలోని అమెజాన్ ఎగువ ప్రాంతంలో గడిపి వసంతంలో మీ దగ్గరకు వచ్చి, అక్టోబరు నాటికి తిరిగి వెళ్లిపోతాయి. గుడ్లో పిల్లలో ఉన్న గూటిని తొలగించడాన్ని అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం నిషేధిస్తోంది. అటువంటి చట్టమే లేకపోయినా, అంత దూరం ఎగిరి వచ్చిన జీవిని పిల్లలతో సహా మూసివేయడం నాకు సమ్మతం కాదు. పిల్లలు ఆకలికి గోల చేసేది ఎగిరిపోవడానికి ముందు కొద్ది రోజులే కనుక, అంతవరకు గదిలోని చలిమంట పొయ్యి పైనున్న డ్యాంపర్‌ను, అంటే పొగదారికి బిగించిన లోహపు తలుపును, మూసి ఉంచితే చప్పుడూ తగ్గుతుంది, పిల్ల జారి గదిలో పడే ప్రమాదమూ ఉండదు.

రాత్రివేళ బరువైన అడుగుల శబ్దం వస్తే మాత్రం అది రకూన్, అంటే కళ్ల చుట్టూ నల్లని పట్టీ ఉండే అక్కడి అడవి జంతువు, కావచ్చు. తల్లి రకూన్ వసంతంలో పిల్లలను పెట్టడానికి పొగగొట్టంలోకి దిగుతుంది. దానిని వెళ్లగొట్టడానికి ఎన్నడూ మంట పెట్టకండి. ఎక్కిరాలేని పిల్లలు అక్కడే చనిపోతాయి. దాని మలంలో మనిషికి హాని చేసే పురుగుల గుడ్లు ఉండవచ్చు కనుక, శుభ్రం చేసే పని కూడా తెలిసినవారికే అప్పగించాలి.

జంతువుల కంటె పెద్ద శత్రువు నీరు. ఇటుక పీల్చుకున్న నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. చలికాలంలో పగలు కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టే ఆ ఒత్తిడికి ఇటుక ముఖం పెచ్చులూడుతుంది, మధ్యనున్న సిమెంటు రాలిపోతుంది. లోపలికి దిగిన వాన మసితో కలిసి ఆమ్లంగా మారి డ్యాంపర్‌ను తుప్పు పట్టిస్తుంది. వానాకాలంలో గదిలో వచ్చే ఆ పులిసిన వాసన దానిదే. అందుకే పొగగొట్టం నెత్తిన పోసే కాంక్రీటు పలక, మన ఇళ్ల చూరులాగా, గోడ దాటి రెండంగుళాలైనా ముందుకు రావాలి. అప్పుడు నీరు ఇటుకల మీదుగా కారకుండా విడిగా పడుతుంది. పైకప్పు పొగగొట్టాన్ని తాకేచోట బిగించిన రేకు లేచిపోయిందేమో కూడా చూడాలి, ఎందుకంటే గది పైకప్పు మీద కనిపించే తడి మచ్చలకు చాలాసార్లు ఆ రేకే కారణం. ఇటుకలకు మామూలు రంగు వేయనివ్వకండి. అది లోపలి తేమను బయటకు పోనివ్వదు. బయటి నీటిని ఆపుతూనే లోపలి తేమను ఆవిరిగా వదిలే సైలోక్సేన్ అనే పూత మేలు.

ఇక మూత సంగతి. అది స్టెయిన్‌లెస్ స్టీలుదై, చుట్టూ ముప్పావు అంగుళం కన్నుల జాలీతో ఉండాలి. కన్నులు మరీ సన్నగా ఉంటే మసితోనూ మంచుతోనూ పూడుకుపోయి పొగ వెనక్కి తిరుగుతుంది. దానితోపాటు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు గాని వాసన గాని లేదు గనుక, పడకగదుల దగ్గర దాని అలారం తప్పనిసరిగా ఉండాలి.

పక్షులు వెళ్లిపోయాక, మొదటి మంట వేయకముందే, మసి తుడిచే పనివారిని పిలిపించమని నాన్నకు చెప్పండి. వారు గూటిని తీసి, లోపలి గోడలను పరీక్షించాకే మూత బిగించాలి. మీరెవరూ కప్పు ఎక్కవద్దు. పైనున్న గొట్టపు నోటి పొడవు, వెడల్పు వారిచేతనే కొలిపించి నాకు రాయండి. ఎంత మూత కావాలో లెక్క చూసి పంపుతాను.

ఇట్లు,
మీ తాతయ్య